కేబుల్‌లో వచ్చిన బొమ్మను ఇంట్లో దాచుకోవచ్చునా?

టీవీ చూడవచ్చునా చూడకూడదా అనే విషయమై మన పత్రికలో ఎన్నోసార్లు చర్చ జరిగినది. ఈసారి ఆ చర్చ జోలికి మేము పోవడం లేదు. వరంగల్, హనుమకొండ, కాజీపేటల నుండి, చుట్టుపట్ల గ్రామాల నుండి వచ్చిన ఉత్తరాలలో వేరే రకం ప్రశ్నలు కనిపించాయి. పర్వతగిరి వైపు నుండి ఒక సహోదరుడు, "మా సొంత డబ్బుతో కొన్న సెట్‌టాప్ బాక్సు ఉన్నది, కేబుల్ మార్చుకుంటే అది పనికిరాదంటున్నారు, ఇది న్యాయమేనా?" అని అడిగారు. ఇంకొకరు, రాత్రి పదిన్నరకు వచ్చే కార్యక్రమాన్ని రికార్డు చేసి మరునాడు పిల్లలకు చూపిస్తే నేరమా అని అడిగారు. నర్సంపేట దగ్గర గ్రామము నుండి ఒక తల్లి వ్రాసిన ఉత్తరము మమ్మల్ని ఎక్కువగా కదిలించినది. దాని సంగతి తరువాత చెబుతాము.

ముందు కొంచెం వెనక్కు వెళ్ళాలి. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రము 1977లో మొదలైనది. ఆ తరువాత మన జిల్లాలో టీవీ ఉన్న ఇంటి గుర్తు, డాబా మీద చేప ముల్లు లాంటి ఏంటెన్నా. గాలికి అది తిరిగిపోతే పిల్లవాడు పైకెక్కి తిప్పుతూ "వచ్చిందా?" అని అరవడం, కింది నుండి "ఇంకొంచెం, ఇంకొంచెం" అని తల్లి కేకవేయడం పెద్దవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. శుక్రవారం చిత్రలహరి, శనివారం సాయంత్రం తెలుగు సినిమా. ఆ వేళకు ఇంట్లో లేకపోతే ఆ బొమ్మ పోయినట్టే. ఆదివారం ఉదయము మరీ కష్టము. 1987 జనవరి నుండి 1988 జూలై వరకు రామాయణము, ఆ ఏడు అక్టోబరు నుండి మహాభారతము, ఆదివారం పొద్దుటి పూటే ప్రసారమయ్యేవి. చాలా మందిరాలలో ఆరాధన వేళ కూడా అదే. అప్పట్లో కాపరులు ఈ విషయమై చేసిన హెచ్చరికలు కొందరికి జ్ఞాపకముండవచ్చును.

ఆ కాలములోనే కలిగినవారి ఇళ్ళలోకి వి.సి.ఆర్. వచ్చినది. జపాను దేశములో సోనీ కంపెనీ 1975లో బీటామాక్స్‌ను, జె.వి.సి. కంపెనీ 1976లో వి.హెచ్.ఎస్.ను తెచ్చాయి. చివరకు మన ఊళ్ళలో నిలిచినది వి.హెచ్.ఎస్.యే. ఎక్కువ మంది దానిని అద్దె సినిమాలు చూచే యంత్రముగానే ఎరుగుదురు. పెండ్లిళ్ళకు, పండుగలకు రోజు అద్దెకు తెచ్చి, తెల్లవార్లు మూడు సినిమాలు చూచేవారు కూడా ఉండేవారు. అయితే ఆ యంత్రములో ఇంకొక గుణము ఉన్నది. దాని లోపల సొంతంగా ఒక ట్యూనరు ఉండేది. టీవీలో ఒక ఛానెలు చూస్తూ, వి.సి.ఆర్.లో ఇంకొక ఛానెలు రికార్డు చేసుకోవచ్చును. గడియారము పెట్టి ఉంచితే మనము ఇంట లేకపోయినా తానే రికార్డు చేసేది. మన ఊళ్ళలో కరెంటు పోయి వచ్చేసరికి ఆ గడియారము మళ్ళీ సున్నా దగ్గర మిణుకుమిణుకుమంటూ ఉండేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ రికార్డింగు గురించి అమెరికాలో పెద్ద వ్యాజ్యము నడిచినది. సినిమా కంపెనీలైన యూనివర్సల్, డిస్నీ 1976లో సోనీ మీద దావా వేశాయి. ఇంట్లో కూర్చొని మా సినిమాలను రికార్డు చేసుకొనే యంత్రమును అమ్మడమే తప్పు అని వారి వాదన. అది ఎనిమిదేండ్లు నడిచి 1984 జనవరి 17న సుప్రీంకోర్టులో తేలినది. తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఐదుగురు సోనీ వైపు, నలుగురు ఎదురు. ఒక్క ఓటు తేడా! ప్రసారమైన కార్యక్రమమును తమకు వీలైన వేళ చూచుకొనుటకు ఇంట్లో రికార్డు చేసుకొనుట న్యాయమైన వాడుకే అని తీర్పు వచ్చినది.

ఆ వ్యాజ్యములో సాక్ష్యము చెప్పినవారిలో ఒకరిని మన పాఠకులు తెలుసుకోవాలి. ఆయన పేరు ఫ్రెడ్ రోజర్స్. ప్రెస్బిటేరియన్ సంఘములో 1963లో అభిషేకము పొందిన సేవకుడు. అయితే ఆయన సేవ పల్పిటు మీద కాదు, టీవీలో చిన్నపిల్లల మధ్య. 1968 నుండి 2001 వరకు అమెరికా దేశమంతటా ఆయన కార్యక్రమము పిల్లలు చూచారు. తన కార్యక్రమమును తల్లిదండ్రులు రికార్డు చేసి, ఇంటిల్లిపాది కలిసి కూర్చొనే వేళ చూపించుకొంటే తనకేమీ అభ్యంతరము లేదనీ, కుటుంబము తన సమయమును తానే నిర్ణయించుకోగలగడము మంచిదనీ ఆయన చెప్పారు. న్యాయమూర్తి స్టీవెన్స్ వ్రాసిన తీర్పులో ఆ మాటలను ప్రత్యేకముగా ఎత్తి చూపారు. కోట్ల డాలర్ల కంపెనీల తగవులో ఒక పాస్టరుగారి సాక్ష్యము నిలిచిపోయినది.

మరి మన దేశములో? మన కాపీరైటు చట్టము 1957 నాటిది. అందులో 37వ సెక్షను ప్రసారకర్తకు తన ప్రసారము మీద 25 సంవత్సరాల హక్కు ఇచ్చినది. దాని వెనుకనే 39వ సెక్షను మినహాయింపులు చెప్పినది. రికార్డు చేసుకొనే వ్యక్తి తన సొంత వాడుక కొరకు గాని, కేవలము నిజమైన బోధన, పరిశోధన కొరకు గాని చేసుకొనే రికార్డింగు, ఆ హక్కును భంగపరచినట్టు కాదు. గనుక రాత్రి కార్యక్రమమును రికార్డు చేసి మరునాడు తన పిల్లలకు చూపే తండ్రి ఈ చట్టము ప్రకారము భయపడనవసరము లేదు.

కాని ఆ కాపీని అమ్మడము, అద్దెకు ఇవ్వడము, డబ్బు తీసుకొని చూపించడము, యూట్యూబులో పెట్టడము సొంత వాడుక కాదు. 1990లలో వీధి కేబుల్ వారు కొందరు కొత్త సినిమా క్యాసెట్టు తెచ్చి తమ వీడియో ఛానెలులో వేసేవారు. దానికి అనుమతి ఉన్నదా అని అడిగే నాథుడు లేడు. అందరూ చేసారు గనుక అది సరియైనది కాలేదు. సంఘ కాపరులకు కూడా ఇక్కడ ఒక మాట. టీవీలో వచ్చిన ప్రసంగమును గాని, కరుణామయుడు వంటి సినిమాను గాని రికార్డు చేసి మందిరములో తెర కట్టి అందరికీ చూపించడము ఇంట్లో చూచుకొనుటతో సమానము కాదు. ముందుగా ఆ ఛానెలుకో, నిర్మాతకో ఒక ఉత్తరము వ్రాసి వ్రాతమూలకముగా అనుమతి తెచ్చుకొని చూపించడమే క్షేమము.

ఇప్పుడు పెట్టె సంగతికి వద్దాము. 1991లో గల్ఫ్ యుద్ధపు వార్తలతో ఉపగ్రహ టీవీ మన దేశములో అందరి నోటా పడినది. అదే ఏడు స్టార్, 1992 అక్టోబరులో జీ, 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. డాబాల మీద మనిషి ఎత్తుకు మించిన పెద్ద పెద్ద డిష్‌లు లేచాయి. స్తంభము నుండి స్తంభానికి, వేపచెట్టు నుండి చింతచెట్టుకు నల్ల తీగలు సాగాయి. 1995లో కేబుల్ టీవీ చట్టము వచ్చి ప్రతి ఆపరేటరు పోస్టాఫీసులో రిజిస్టరు చేసుకోవాలన్నది. ఆ రోజుల్లో తీగలో వచ్చేది దాపరికము లేని సిగ్నలు. తీగ టీవీకి గుచ్చితే బొమ్మ. వి.సి.ఆర్.కు గుచ్చితే రికార్డు. మధ్యలో స్ప్లిటరు పెడితే రెండు గదుల్లో రెండు టీవీలు. మన సొంత పరికరము ఏదైనా పనిచేసేది. పాత టీవీలలో పన్నెండు ఛానెళ్ళే పట్టేవి గనుక కొందరు కన్వర్టరు కొనుక్కునేవారు, అంతే.

డిజిటల్ కేబుల్‌తో ఇదంతా మారిపోయినది. 2011లో చట్టమును సవరించి, దశలవారీగా పాత సిగ్నలు ఆపివేయాలని నిర్ణయించారు. హైదరాబాదు, విశాఖపట్నము రెండవ దశలో 2013 మార్చి 31 గడువులో పడ్డాయి. వరంగల్ వంటి మిగిలిన పట్టణాలు మూడవ దశ. దాని గడువు 2015 డిసెంబరు 31 అన్నారు గాని, కోర్టు వ్యాజ్యాల వలన చివరకు 2017 జనవరి 31 అయినది. గ్రామాలకు 2017 మార్చి 31.

ఇప్పుడు తీగలో వచ్చే బొమ్మకు తాళము వేసి ఉంటుంది. ఆ తాళము చెవి పెట్టె లోపల గాని, అందులో గుచ్చే కార్డులో గాని ఉంటుంది. కంట్రోలు రూములో మన పెట్టె నంబరు వ్రాసుకొని, మనము డబ్బు కట్టిన ఛానెళ్ళకు మాత్రమే తాళము తీయమని తీగ ద్వారానే ఆజ్ఞ పంపుతారు. ఒక్కొక్క కంపెనీ తాళము ఒక్కొక్క రకము. గనుక పర్వతగిరి సహోదరునికి జవాబు ఇది: ఆ పెట్టె మీదే, మీరు డబ్బిచ్చి కొన్నదే. కాని ఇంకొక కంపెనీ తాళమును అది తీయలేదు. మీ ఇంటి తాళపుచెవి మీ సొంతమే అయినా పొరుగింటి తలుపు తెరవనట్టు.

ఇది న్యాయమా అంటే, న్యాయము కాదనే మా అభిప్రాయము. ఒకసారి కొన్న టీవీ ఏ ఊరికి తీసుకొని పోయినా పనిచేస్తుండగా పెట్టె మాత్రము ఎందుకు పనిచేయకూడదు? 2020 ఏప్రిల్‌లో ట్రాయ్ సంస్థ కూడా, ఏ కంపెనీ పెట్టె అయినా ఇంకొక కంపెనీకి పనికివచ్చేలా తయారు చేయాలని ప్రభుత్వానికి సిఫారసు చేసినది. సిఫారసు వేరు, మీ ఊరి ఆపరేటరు దగ్గర అమలు కావడము వేరు. అమెరికాలో 1996లోనే ఇందుకొరకు చట్టములో ఒక సెక్షను పెట్టారు. దాని ప్రకారము 2004 నుండి కేబుల్ కంపెనీలు ఒక చిన్న కార్డు మాత్రమే ఇస్తే, జనము దానిని తమ సొంత టీవీలో, సొంత రికార్డరులో గుచ్చుకొనేవారు. కంపెనీలు మనసుపెట్టి సహకరించలేదు, వాడినవారు కూడా తక్కువే. 2020లో అక్కడి ప్రభుత్వ సంస్థ ఆ నియమమును తీసివేసినది. అంత పెద్ద దేశములోనే ఇలా అయినది గనుక, కొత్త పెట్టె కొనేముందు పాఠకులు తొందరపడవద్దు. పెట్టెను అద్దెకు ఇస్తారా, కంపెనీ మారితే తిరిగి తీసుకొని ఎంత ఇస్తారు, ఎన్నాళ్ళ గ్యారంటీ అని అడిగి, రసీదు మీద వ్రాయించుకొనండి. నోటిమాట మీద నడిచే వ్యాపారములో చివరకు నష్టపోయేది మనమే.

నెల బిల్లు గురించి కూడా కొంచెం. 2019 ఫిబ్రవరి నుండి వచ్చిన పద్ధతిలో మొదటి 100 ఛానెళ్ళకు తీగ ఖర్చు కింద 130 రూపాయలకు మించి తీసుకోరాదన్నారు. పన్నుతో 153 రూపాయలు. కావలసిన పే ఛానెళ్ళకు విడిగా చెల్లించాలి. తరువాత ఆ 130కే 200 ఛానెళ్ళు ఇవ్వాలన్నారు. 2024లో ఆ పరిమితి కూడా ఎత్తివేసి, ఎవరి ధర వారు ప్రకటించుకోవచ్చన్నారు. కూలిపని మీద బ్రతికే ఇంటికి ఇది చిన్న మొత్తము కాదు. చూడని ఛానెళ్ళకు డబ్బు కట్టకుండా, పట్టీలో కావలసినవి మాత్రమే గుర్తు పెట్టి ఇచ్చే హక్కు మీకు ఉన్నది. ఆపరేటరు ఇచ్చిన ప్యాకేజీయే తీసుకోవాలని ఏమీ లేదు.

ఇప్పుడు నర్సంపేట దగ్గరి తల్లి ఉత్తరము. ఆమె భర్త ముప్పై ఏండ్లు గ్రామ సంఘములో పాటలు నడిపించినవారు. ఒక క్రిస్మస్‌కు పట్టణములోని లోకల్ ఛానెలు వారు ఆ సంఘ ఆరాధనను తీసి ప్రసారము చేసారు. కుమారుడు సెట్‌టాప్ బాక్సు వెనుక పెన్‌డ్రైవ్ గుచ్చి దానిని రికార్డు చేసాడు. మరుసటి ఏడు ఆయన ప్రభువు నందు నిద్రించారు. తరువాత పెట్టె పాడైతే ఆపరేటరు కొత్తది ఇచ్చి పాతది తీసుకొని పోయాడు. ఇప్పుడు ఆ పెన్‌డ్రైవ్ కొత్త పెట్టెలో పెట్టినా, కంప్యూటరులో పెట్టినా ఆడదు. "అందులో ఆయన గొంతు ఉన్నది, ఎలా తీయాలి?" అని ఆమె అడిగారు.

అమ్మా, మీ కుమారుని వలన తప్పేమీ జరగలేదు. చాలా కేబుల్ పెట్టెలు, డి.టి.హెచ్. పెట్టెలు రికార్డు చేసేటప్పుడు బొమ్మకు మళ్ళీ తాళము వేసి దాచుతాయి. ఆ తాళము చెవి ఆ ఒక్క పెట్టెలోనే ఉంటుంది. పెన్‌డ్రైవ్ మీదైనా, లోపలి బొమ్మ ఆ పెట్టెకే తెలుసు. మేము తెలిసిన మెకానిక్కులను విచారించి ఆమెకు వ్రాసిన జవాబును ఇక్కడ కూడా ఇస్తున్నాము, ఎందుకంటే ఇలాంటి ఇళ్ళు ఇంకా ఉండి ఉంటాయి.

మొదట, పెన్‌డ్రైవ్‌ను ఎక్కడా ఫార్మాట్ చేయనివ్వవద్దు. కొత్త పెట్టెలో పెట్టగానే తెర మీద ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. అలవాటు చొప్పున సరే అని నొక్కితే అంతా పోతుంది. రెండవది, పాత పెట్టె ఆపరేటరు దుకాణములో మూలన పడి ఉన్నదేమో వెంటనే అడగండి. పెట్టె వెనుక అంటించిన నంబరు మీ పాత రసీదుల మీద ఉండవచ్చును. పెట్టె దొరికి, బాగుపడితే, అందులో ఆడించి, పసుపు, ఎరుపు, తెలుపు వైర్ల ద్వారా వచ్చే బొమ్మను ఇంకొక రికార్డరులోకి తీసుకోవచ్చును. కొన్ని పెట్టెలు కనెక్షను నడుస్తుంటేనే పాత రికార్డింగు చూపిస్తాయి గనుక ఒక నెల డబ్బు కట్టవలసి రావచ్చును. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఆ ఆరాధనను తీసిన కెమెరామెన్‌ను వెదకండి. లోకల్ ఛానెళ్ళకు తీసేవారు తరచుగా పెండ్లి వీడియోలు తీసే మన ఊరి పిల్లలే. వారి హార్డ్‌డిస్కులో అసలు బొమ్మ, తాళము లేకుండా, ఇంకా మంచిగా ఉండవచ్చును. ఈ వ్యాసము అచ్చుకు ఇచ్చే నాటికి ఆ తల్లి వద్ద నుండి తిరుగు జవాబు మాకు రాలేదు.

ఈ చిక్కు లేకుండా ముందే జాగ్రత్తపడే మార్గము కలదు. డబ్బు కట్టే పని లేని, తాళము లేని ఛానెళ్ళు. దూరదర్శన్ 2004 డిసెంబరులో మొదలుపెట్టిన ఉచిత డిష్ సేవ ఇప్పుడు డి.డి. ఫ్రీ డిష్ అనే పేరుతో నడుస్తున్నది. నెల బిల్లు లేదు. రెండడుగుల డిష్, ఎల్.ఎన్.బి., ఒక పెట్టె బజారులో కొనుక్కుంటే చాలును. వరంగల్ ప్రాంతము నుండి డిష్‌ను ఆగ్నేయ దిక్కుకు, దాదాపు 63 డిగ్రీలు పైకెత్తి పెట్టాలి. ఉపగ్రహము 93.5 డిగ్రీల తూర్పున ఉన్నది. తెర మీద సిగ్నలు క్వాలిటీ గీత ఎక్కడ ఎక్కువగా ఉంటుందో అక్కడ నట్లు బిగించాలి. గట్టి వాన వస్తే బొమ్మ పోతుంది, వాన తగ్గితే వస్తుంది. దానికి మెకానిక్కును పిలిచి డబ్బు పోసుకోవద్దు. మన ఊళ్ళలో వానకంటె కోతులే పెద్ద శత్రువులు. డిష్ మీద ఊగి దిక్కు మార్చివేస్తాయి గనుక చేయి అందని చోట, బలమైన ఊచకు కట్టించండి.

ఇటువంటి పెట్టెలలో చాలావాటికి యూ.ఎస్.బి. రికార్డింగు ఉన్నది. తాళము లేని ఛానెలును రికార్డు చేస్తే సామాన్యముగా ఆ ఫైలు కంప్యూటరులో కూడా ఆడుతుంది. అయినా కొనేటప్పుడే దుకాణములో అయిదు నిమిషాలు రికార్డు చేయించి, వేరే కంప్యూటరులో ఆడించి చూచి డబ్బివ్వండి. గంట కార్యక్రమానికి సుమారుగా ఒకటి నుండి ఒకటిన్నర జి.బి. పడుతుంది. 32 జి.బి. పెన్‌డ్రైవ్‌లో ఇరవై గంటలు ఉంచవచ్చునన్నమాట. అప్పటి క్యాసెట్టులో మూడు గంటలు పట్టడమే గొప్ప!

ఈ రికార్డింగు ఎంత పనికివస్తుందో 2020లో తెలిసినది. బడులు మూసి ఉండగా సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము డి.డి. యాదగిరిలోను, టి-శాట్ ఛానెళ్ళలోను పాఠాలు ప్రసారము చేసినది. ఇంట్లో ఒక్కటే టీవీ, ముగ్గురు పిల్లలు, మూడు తరగతులు. పొద్దుట పాఠము వేళకు కరెంటు లేదు, లేక పిల్లవాడు తండ్రితో పత్తి చేనులో ఉన్నాడు. స్మార్ట్ ఫోను లేని ఇంట్లో ఆ పాఠము మళ్ళీ దొరికేది కాదు. పెట్టెకు పెన్‌డ్రైవ్ ఉన్న ఇంట్లో మాత్రము సాయంత్రము దీపాలు పెట్టాక పాఠము నడిచినది. చట్టములోని "బోధన కొరకు" అన్న మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ మాకు తోచడము లేదు.

ఇంట్లో పాత వి.హెచ్.ఎస్. క్యాసెట్లు ఉన్నవారికి చివరిగా ఒక సంగతి. పెండ్లి, బాప్తిస్మము, మందిర ప్రతిష్ఠ, స్త్రీల సమాజపు సభ, ఏదైనా కావచ్చు. వి.సి.ఆర్.లు తయారు చేసే చివరి కంపెనీ, జపానులోని ఫునాయ్, 2016 జూలైలో ఆ పని ఆపివేసినది. ఉన్న యంత్రాలే బాగు చేసుకుంటూ వాడాలి, అవి ఏడాదికేడాది తగ్గిపోతున్నాయి. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే దానిని యంత్రములో పెట్టవద్దు. ఆ బూజు హెడ్డుకు అంటి, తరువాత పెట్టే మంచి క్యాసెట్టును కూడా పాడుచేస్తుంది. బూజు పట్టినవి, పట్టనివి వేరుచేసి, నిలువుగా, తేమ లేని చోట ఉంచండి. డిజిటల్‌లోకి మార్చే స్టూడియోకు అన్నీ ఒకేసారి ఇవ్వకుండా మొదట ఒక్కటి ఇచ్చి చూడండి. మార్చిన దానిని రెండు చోట్ల దాచి, ఎవరిది, ఏ ఊరిలో, ఏ సంవత్సరము అని కాగితము మీద వ్రాసి అంటించండి. వానాకాలము మొదలయ్యేలోగా ఈ పని చేసుకుంటే బూజు బెడద తక్కువగా ఉంటుంది.